ఏడున్నరకు వచ్చే మనుషులు

మా బాపు ముప్పై మూడేళ్లు బొగ్గుబాయిలో పని చేశాడు. అందులో ఎక్కువ కాలం డ్రిల్లు మిషన్ మీదే గడిచింది. బొగ్గు గోడకు వరసగా రంధ్రాలు వేయడం ఆయన పని. ఆ రంధ్రాల్లో మందు కూరి పేల్చేవాళ్లు వేరే ఉండేవాళ్లు. షిఫ్టు షిఫ్టంతా ఆ మిషన్‌ను ఒంటికి ఆనించుకుని నిలబడి, ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు అరచేతులు వణుకుతున్నాయని చూపించేవాడు. చేతులు వణకడం మాకు కనిపించింది. చెవులు పోతున్న సంగతి కనిపించలేదు.

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పిట్టల అరుపులు పోయాయని, తర్వాత కుక్కర్ కూత, ఆ తర్వాత ఆడవాళ్ల గొంతులు, చివరికి అందరి గొంతులూ పోయాయని బాపు చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. అప్పట్లో అవ్వ, అంటే మా అమ్మ, ఆయనకు పొగరు ఎక్కిందనుకుంది. "ఎనక నుంచి పిలిస్తె పలకడు, ముంగటికొచ్చి అడిగితె మంచిగనే చెప్తడు. ఏందో మరి గీ మనిషి కథ" అనేది. ఒక సాయంత్రం అవ్వ ఏదో ముచ్చట చెబుతుండగా కరెంటు పోయింది. చీకట్లో అవ్వ చెబుతూనే ఉంది. బాపు మధ్యలో అడ్డం పడి, "జర ఆగు. కరెంటు వచ్చినంక చెప్పు" అన్నాడు. అవ్వ గబుక్కున ఆగిపోయింది. ఆయన మా మాటలు వినడం లేదని, మా నోళ్లు చూస్తున్నాడని మాకు ఆ చీకట్లో తెలిసింది.

కొన్నాళ్లకు బాపు ఉద్యోగం నుంచి దిగిపోయాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. అవ్వ పుట్టిన ఊరు లక్సెట్టిపేట కాబట్టి అక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. వాళ్లకు నేను ఒక్కతే బిడ్డను. అప్పుడు పదో తరగతి చదువుతున్నాను. అవ్వ పొద్దంతా బీడీలు చుట్టేది. బాపుకు పొద్దున బస్టాండు దాకా పోయి చాయ్ తాగి రావడం తప్ప వేరే పని లేదు. క్వార్టర్ల దగ్గర ఉన్నప్పుడు గనిలో జంటగా పని చేసిన పాత జోడీదార్లు వచ్చి కూర్చునేవాళ్లు. ఇక్కడ కొత్త మనుషులు. కొత్త మనుషుల నోళ్లు చదవడం కష్టమని, బాపు మెల్లగా ఎవరితోనూ మాట్లాడకుండా అయ్యాడు.

అప్పుడు దొరికింది ఆయనకు ఏడున్నర కార్యక్రమం.

ఒక వార్తల చానెల్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఏడున్నరకు అరగంట సేపు వచ్చేది. ఆ రోజు జరిగిన వాటిలో ఒక్క విషయం తీసుకుని, ఒకరినో ఇద్దరినో పిలిచి మాట్లాడించేవాళ్లు. దానికి పెద్ద పేరేదో ఉండేది గానీ మా ఇంట్లో ఎవరూ ఆ పేరు వాడలేదు. "ఏడున్నరది" అనేవాళ్లం. నడిపే ఆయన యాభై దాటిన మనిషి. మీసం లేదు, గడ్డం నున్నగా గీసుకునేవాడు. కెమెరా వైపు సూటిగా చూస్తూ, ఒక మాట పూర్తయ్యాకే ఇంకో మాట మొదలుపెట్టేవాడు.

నాకు పరీక్షలున్న రోజుల్లో ఒకసారి టీవీ సౌండు మొత్తం తీసేసి గోడకు ఆనుకుని చదువుకుంటున్నాను. బాపు టీవీ చూస్తూ తల ఊపుతున్నాడు. నేను పుస్తకం పక్కన పెట్టి ఆయన ముందుకు వెళ్లి, "ఏమంటుండు బాపూ?" అని అడిగాను.

"పత్తి రైతుల గురించి చెప్తుండు. తేమ ఎక్కువుందని మార్కెట్ల కొంటలేరట. మరి వాన పడ్డది రైతు తప్పా అంటుండు" అన్నాడు.

సౌండు పెట్టి చూశాను. సరిగ్గా అదే విషయం.

"గీయన మాట ఒక్కటి గూడ పోతలేదు బిడ్డా నాకు. నా ముంగట కూసోని నాతోనే మాట్లాడినట్టుంటది" అన్నాడు బాపు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను క్వార్టర్లు వదిలాక చూడలేదు.

అప్పటి నుంచి అది మా ఇంట్లో ఒక నియమం అయింది. బాపు ఏడుగంటలకు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. "వచ్చె నీకు ఏడున్నర శని" అని అవ్వ బీడీల చాటలోంచి తల ఎత్తి ఎగతాళి చేసేది. బాపు నవ్వి, "మనిషి మనింటికొస్తుంటె మనం మంచిగుండద్దా?" అనేవాడు. మరుసటి పొద్దున బస్టాండులో చాయ్ హోటల్ దగ్గర ముందు రోజు విషయం ఆయనే నలుగురికీ చెప్పేవాడట. చెవిటి మనిషికి అందరికంటే ఎక్కువ తెలిసి ఉండటం ఆ నలుగురికీ వింతగా ఉండేది.

అట్లా దాదాపు మూడేళ్లు గడిచాయి. ఒక సోమవారం ఏడున్నరకు వేరే మనిషి వచ్చాడు.

బాపు ఆయన సెలవులో ఉన్నాడనుకున్నాడు. వారం చూశాడు, రెండు వారాలు చూశాడు. "జ్వరమొచ్చిందేమో. పెద్ద మనిషి గద. జర నీ ఫోన్ల చూసి చెప్పు" అని నన్ను అడిగాడు. నేను వెతికాను. ఆయన ఆ చానెల్ వదిలి వెళ్లిపోయాడని ఎక్కడో రెండు ముక్కలు కనిపించాయి. ఎందుకు వెళ్లాడో, ఎక్కడున్నాడో లేదు. అదే చెప్పాను. బాపు, "పోతె పోయిండు. చెప్పి పోతె ఏం పోయింది?" అన్నాడు. చుట్టం చెప్పకుండా వెళ్లిపోతే నొచ్చుకున్నట్టు నొచ్చుకున్నాడు.

కొత్తగా వచ్చినతను మంచి చదువుకున్న మనిషిలాగే ఉన్నాడు. ప్రశ్నలు కూడా బాగా అడిగేవాడు. కానీ గుబురు గడ్డం. మీసం పై పెదవి మీదికి వాలి ఉండేది. మాట్లాడుతూ పక్కకు తిరిగేవాడు. బాపు కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకున్నాడు. ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు. చివరికి, "గడ్డం ఊగుతుంది గని మాట కనబడ్తలేదు" అని లేచి బయట అరుగు మీద కూర్చున్నాడు. ఆ వారం ఇక టీవీ పెట్టలేదు.

అన్నాళ్లూ ఎగతాళి చేసిన అవ్వకే ముందుగా గుండె జారింది. "ఏమేవ్, పోయి టీవీ పెట్టు. మీ బాపు గోడను చూసుకుంట కూసున్నడు. పానం మంచిగనిపిస్తలేదు నాకు" అంది నాతో.

నేను టీవీ పెట్టాను. టీవీ పక్కనే పీట వేసుకుని బాపుకు ఎదురుగా కూర్చున్నాను. గడ్డం మనిషి చెప్పేది విని, గొంతు లేకుండా నోటితో మాత్రం తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. మొదటి రోజులు నరకంగా ఉండేది. నేను ఒక మాట చెప్పేలోపు టీవీలో మనిషి మూడు మాటలు దాటిపోయేవాడు. పైగా పెదవులు మూసి పలికే అక్షరాలన్నీ చూడటానికి ఒకటే. ప, బ, మ మూడింటికీ తేడా కనబడదు. ఒకసారి నేను బడ్జెట్ గురించి పావుగంట చెప్పాను. బాపు శ్రద్ధగా చూసి చూసి, "మజ్జిగ మీద గింత లొల్లి ఎందుకు బిడ్డా?" అని అడిగాడు. అవ్వ నవ్వు ఆపుకోలేక చాట కింద పెట్టేసింది. ఏం జరిగిందో చెబితే బాపు కూడా కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

నెల తిరిగేసరికి నాకు చెయ్యి తిరిగింది. చెయ్యి అనకూడదు, నోరు తిరిగింది. పెద్ద మాటలు తీసేసి చిన్న మాటలు పెట్టేదాన్ని. నలుగురు నాలుగు రకాలుగా చెప్పిందాన్ని ఒక్క మాటలో ముగించేదాన్ని. ఆ తర్వాత ఇంకొకటి కూడా చేశాను. అది ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు. రైతు చనిపోయాడన్న వార్త వస్తే బాపు ఆ రాత్రి సరిగా తినేవాడు కాదు. అందుకని అట్లాంటివి వదిలేయడం మొదలుపెట్టాను. గనులు మూసేస్తారా అన్న చర్చ వస్తే వర్షాల గురించి చెప్పేదాన్ని. బాపు మంచికోసమే చేస్తున్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ అరగంట లోకమంతా నా నోటి మీదుగానే ఆయనకు చేరుతుండటం నాకు ఒక రకంగా బాగుండేది.

ఏడాదిన్నరకు గడ్డం మనిషి కూడా వెళ్లిపోయాడు. ఒక యువతి వచ్చింది. ఆమె పెదవులకు ఎర్రగా రంగు ఉండేది, వెలుతురు ముఖం మీద బాగా పడేది. బాపుకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆమె చాలా వేగంగా మాట్లాడేది. బాపుకు సగం దొరికేది, సగం జారిపోయేది. అందుకని నన్ను పీట మీంచి లేవనివ్వలేదు. ఒక చూపు ఆమె మీద, ఒక చూపు నా మీద. మా ఇద్దరి మధ్య ఆయన తల అటూ ఇటూ తిరుగుతుండేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆ యువతి ముఖం మామూలుగా లేదు. ఒక గనిలో ఆ పొద్దున కప్పు కూలిందని చెప్పింది. ముగ్గురు దాని కింద పడి చనిపోయారని చెప్పింది. గని పేరు చెప్పగానే బాపు కుర్చీలోంచి ముందుకు వంగాడు. అది ఆయన పని చేసిన గని. నేను ఒక్కొక్క మాటా చెబుతున్నాను. ఆమె తల వంచి, చేతిలో కాగితం చూస్తూ మూడు పేర్లు చదివింది.

రెండో పేరు మాకు తెలిసిన పేరు.

బాపు, ఆయన జోడీదారు పదకొండేళ్లు ఒకే మిషన్ మీద పని చేశారు. జోడీదారు నడుము చెడి దిగిపోతే ఆయన కొడుకుకు ఆ ఉద్యోగం వచ్చింది. ఆమె చదివింది ఆ కొడుకు పేరే. ఆ అన్న నాకంటే ఆరేడేళ్లు పెద్ద. బాపును "పెద్దబాపూ" అని పిలిచేవాడు. మేం లక్సెట్టిపేటకు మారిన రోజు సామాను బండి మీద నిలబడి వచ్చి, బీరువా దింపి, అవ్వ చేతి బువ్వ తిని వెళ్లాడు. ఆయన పెండ్లికి బాపు కొత్త బట్టలు కుట్టించుకున్నాడు.

నా నోరు ఆగిపోయింది. అవ్వ తునికాకు కత్తిరిస్తోంది. కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"పేర్లు చెప్పిందా?" అని బాపు అడిగాడు. ఆమె తల వంచి చదివింది కాబట్టి ఆయనకు పెదవులు కనిపించలేదు.

"లేదు బాపూ. ఇంకా తెల్వదట" అన్నాను.

బాపు నా వైపు చూశాడు. తర్వాత అవ్వ చేతిలో ఆగిన కత్తెర వైపు చూశాడు. తెల్లవారాక మెల్లగా చెబుదామని, పక్కన కూర్చుని చెబుదామని నేను అనుకున్నాను. అవ్వ కూడా అదే అంది.

పొద్దున లేచేసరికి బాపు చాయ్‌కి పోయాడు. తొమ్మిది దాటినా రాలేదు. అవ్వ బస్టాండు దాకా పోయి అడిగింది. చాయ్ హోటల్ ముందు చానా సేపు పేపర్ పట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి బస్సెక్కిండని చెప్పారట.

సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. బట్టలు తడిసి ఒంటి మీదే ఆరినట్టున్నాయి. బయట కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి కూర్చున్నాడు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఆయన నా నోటి వైపు చూడలేదు, నేల వైపు చూస్తూ మాట్లాడాడు.

"నాకు సదువు అంతంత మాత్రం. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట సదివిన. పేరు దొరికెదాక సదివిన. దొరికినంక బస్సెక్కిన. నేను పోయెసరికి అంత అయిపోయింది. వాని మొఖం చూడలే."

"బాపూ, నువ్వు తట్టుకోలేవని..." అని నేను మొదలుపెట్టాను. ఆయన చూడటం లేదు కాబట్టి నా మాట ఆయనకు చేరలేదు.

"నిన్న సాయంత్రమే చెప్తె అప్పుడే పోదును. బస్సులుండె. వాని పక్కన కూసుందును. వాళ్ల నాయినకు నేను తప్ప ఎవలున్నరు?" చేత్తో మొఖం తుడుచుకున్నాడు. "చెవులు పోయినయ్ బిడ్డా. పోతె పోయినయ్, ఎన్నడు ఏడ్వలే. గని నువ్వు కండ్లు గూడ మూస్తివి గదా."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆ వారమంతా బాపు కుర్చీ నాకు అడ్డంగా వేసుకుని, టీవీలో యువతినే చూశాడు. దొరికిన సగం దొరికింది, పోయింది పోయింది. ఎనిమిదో రోజు ఆయనే కుర్చీ తిప్పుకున్నాడు. "ఒక్కటి చెప్తున్న ఇను. మంచిదైన, చెడ్డదైన, నా ముంగట ఆపకు. ఆపుతనంటె ఇప్పుడే చెప్పు, టీవీ బంద్ జేద్దాం" అన్నాడు. ఆపనని చెప్పాను. ఆ మాటకు ఆ తర్వాత ఎంత బరువు ఉంటుందో నాకు అప్పుడు తెలియదు.

డిగ్రీ అయ్యాక కరీంనగర్‌లో ఒక పరీక్షల ల్యాబ్‌లో నాకు ఉద్యోగం దొరికింది. రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసే పని. లేడీస్ హాస్టల్‌లో ఉండి శనివారం సాయంత్రం బస్సెక్కి, జగిత్యాల, ధర్మపురి మీదుగా గోదావరి దాటి ఇంటికి వచ్చేదాన్ని. సోమవారం తెల్లవారుజామున మళ్లీ బస్సు. అంటే కార్యక్రమం వచ్చే అయిదు రోజులూ నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు. పీట అవ్వకు వెళ్లింది.

అవ్వకు వార్తలంటే పడదు. చేతులు బీడీలు చుడుతుండగా, కళ్లు చాటలో ఉండగా, ఆమె నోరు బాపు వైపు తిప్పి చెప్పేది. నేను అరగంట చెప్పేదాన్ని అవ్వ అర నిమిషంలో తేల్చేసేది. ఒక శుక్రవారం నాకు సెలవు దొరికి ముందే వచ్చాను. అప్పుడు చూశాను. టీవీలో నలుగురు గట్టిగా వాదించుకుంటున్నారు.

"ఏమంటుండ్రు?" అన్నాడు బాపు.

"నువ్వు తప్పంటె నువ్వు తప్పంటుండ్రు."

"దేని గురించి?"

"గది వాళ్లకే ఎర్కలేదు. నువ్వు బువ్వ తిను."

బాపు పడీపడీ నవ్వాడు. "నీకన్న మీ అవ్వనే నయం. ఉన్నదున్నట్టు చెప్తది" అన్నాడు నాతో. నేను నవ్వాను గానీ ఆ మాట గుచ్చుకుంది.

ఆ శుక్రవారమే చివర్లో ఆ యువతి చేతులు జోడించి, ఇది తన చివరి రోజని, ఇన్నాళ్లు చూసినందుకు కృతజ్ఞతలని చెప్పింది. మెల్లగా చెప్పింది కాబట్టి బాపుకు మొత్తం దొరికింది. ఆయన కూడా టీవీ వైపు చేతులు జోడించాడు. "గీ పిల్ల చెప్పి పోతుంది. మంచిగుండాలె ఎక్కడున్నా" అన్నాడు.

ఆమె తర్వాత కోటు వేసుకున్న ఒకతను వచ్చాడు. తెర మీద ఆరు గడులు, ఆరు గడుల్లో ఆరు ముఖాలు, ఒక్కో ముఖం తపాలా బిళ్ల అంత. అందరి నోళ్లూ ఒకేసారి తెరుచుకుని ఉండేవి. బాపు అది అలవాటు కొద్దీ పెట్టుకునేవాడు గానీ, చూసేది మాత్రం అవ్వను.

ఆ రోజుల్లో ఫోన్‌లో అవ్వ గొంతు బొంగురుగా వినిపించేది. అడిగితే, "జలుబు జేసింది, తగ్గుతది, ఏం ఫికర్ లేదు" అనేది. నెల తర్వాత కూడా అట్లాగే ఉంది. రెండు నెలల తర్వాత ఇంకా గరుకుగా ఉంది. రోజూ ఎదురుగా కూర్చుని ఆమె నోరు చూసే మనిషికి ఆ గొంతు మారిందని తెలిసే దారి లేదు. తెలిసే దారి ఉన్నదాన్ని నేను. వారానికి ఒకసారి వచ్చి, అల్లం కషాయం పెట్టి వెళ్లేదాన్ని. రోజూ పదుల మంది రిపోర్టులు టైపు చేసే నాకు మా అవ్వ గొంతుది రోగమని తోచలేదు. మింగుతుంటే నొప్పి అని అవ్వ బువ్వ సగం వదిలేస్తోందని బాపు చెప్పాకే కరీంనగర్ తీసుకొచ్చాను.

చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గర పరీక్షలు జరిగాయి. గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు ముగ్గురం ఆయన ముందు కూర్చున్నాం. డాక్టర్ ముఖానికి మాస్కు ఉంది. బాపు ఆ మాస్కు వైపు ఒకసారి చూసి, ఇక ప్రయోజనం లేదని నా వైపు తిరిగి కూర్చున్నాడు.

డాక్టర్ మంచి మనిషి, మెల్లగానే చెప్పాడు. గొంతులో ఉన్నది క్యాన్సర్ గడ్డ అని చెప్పాడు. హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తే ప్రాణానికి ఆశ ఉందని, కానీ మాట పుట్టే భాగం మొత్తం తీసేయాలని, ఇక గొంతు రాదని, మెడ కింద చేసిన రంధ్రంలోంచే ఊపిరి తీసుకోవాలని చెప్పాడు. అవ్వకు అన్నీ వినిపించాయి. ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. నా చెయ్యి పట్టుకుని, నోరు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుని, ఆ గరుకు గొంతుతో, "మీ బాపుకు ఇప్పుడే చెప్పకు బిడ్డా. ఇంటికి పోయినంక చూద్దాం" అంది.

"ఏమన్నడు?" అని బాపు అడిగాడు.

ఆయన కళ్లు నా నోటి మీద ఉన్నాయి. అవ్వ చెయ్యి నా చెయ్యిని గట్టిగా పట్టుకుని ఉంది. డాక్టర్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. నేను అవ్వ చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు. అట్లాగే బాపు వైపు తిరిగి, డాక్టర్ చెప్పిన వరసలోనే మొత్తం చెప్పాను. క్యాన్సర్ అన్న మాట రెండుసార్లు చెప్పాను, మొదటిసారి ఆయనకు దొరకలేదేమోనని. దొరికింది. రెండోసారి చెప్పొద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"మీ అవ్వ నీకేమన్నది ఇప్పుడు?"

"నీకు చెప్పద్దన్నది."

బాపు అవ్వ వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. "నువ్వు గూడనా?" అన్నాడు. అంతే. తర్వాత డాక్టర్ వైపు తిరిగి, చెవిటివాళ్లు మాట్లాడేంత పెద్ద గొంతుతో, బయట కూర్చున్నవాళ్లకు కూడా వినపడేటట్టు, "ఆపరేషన్ ఎన్నడు సారూ?" అని అడిగాడు.

హైదరాబాద్‌లో నెల రోజులు పట్టింది. ఆపరేషన్‌కు ముందు సాయంత్రం అవ్వ వార్డు బయట బెంచీ మీద కూర్చుని, నాకు తన పుట్టింటి ముచ్చట్లన్నీ చెప్పింది. మాట్లాడొద్దన్నా వినలేదు. "రేపటి నుంచి ఎట్లైన బందే గద" అంది. నేను ఫోన్‌లో ఆ గొంతు రికార్డు చేసుకున్నాను. ఇప్పటిదాకా మళ్లీ వినలేదు. ధైర్యం చాలలేదు.

ఇంటికి వచ్చిన రోజు చుట్టుపక్కల బీడీలు చేసే ఆడవాళ్లంతా చూడటానికి వచ్చారు. అవ్వ మెడకు తెల్లటి బట్ట చుట్టి ఉంది. మంచం మీద కూర్చుని ఆమె ఏదో చెప్పింది. పెదవులు కదిలాయి, గాలి కూడా రాలేదు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవ్వ మళ్లీ చెప్పింది. నేను దగ్గరికి వెళ్లి వంగి చూశాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్లు గొంతు లేకుండా నోరు కదపడం నేర్చుకున్నదాన్ని, నోరు చదవడం నేర్చుకోలేదు. అవ్వకు విసుగొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. చదువు లేదు, రాసి చూపించడమూ కుదరదు.

వాకిట్లోంచి బాపు గొంతు వినిపించింది.

"గింతమంది వచ్చిండ్రు, చాప ఏస్తలేవేందే అంటుంది. నల్లా వచ్చే యాళ్లయింది, బిందె పెట్టు అంటుంది."

అందరం తిరిగి చూశాం. బాపు గడప దగ్గర నిలబడి అవ్వ నోటి వైపు చూస్తున్నాడు. అవ్వ గబగబా ఇంకేదో అంది. బాపు మొహమాటంగా నవ్వి, "నన్ను తిడుతుంది. మందులు తేవడానికి పోయి గింతసేపు యాడున్నవ్ అంటుంది" అన్నాడు. ఆడవాళ్లలో ఒకామె నవ్వింది, ఒకామె ఏడ్చింది. నేను బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయి, అక్కడ కూర్చుని ఏడ్చాను.

అప్పటి నుంచి అవ్వ మాట ప్రపంచానికి చేరాలంటే బాపు మీదుగానే. కుర్చీ టీవీ వైపు నుంచి మంచం వైపు తిరిగింది. ఆమె ఆయన్ను పిలవాలంటే అరికాలితో నేల మీద గట్టిగా కొట్టేది. ఆ అదురు బాపు పాదాలకు తెలిసేది. బాపు స్నానానికి పోతే ఇంట్లో అవ్వ మూగది. బాపు ఊరికి పోవడం మానేశాడు. నేను శనివారాలు వచ్చినప్పుడు అవ్వ మాట్లాడుతుంటే నేను బాపు నోటి వైపు చూసేదాన్ని. బాపు చెప్పేది పూర్తిగా చెబుతున్నాడా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనుకున్నాను.

ఆ గొడవలో ఏడున్నర కార్యక్రమం సంగతి ఎవరికీ గుర్తులేదు. చాలా రోజుల తర్వాత ఒక సెలవు రోజు నేను టీవీ పెడితే ఆ సమయానికి సినిమా ముచ్చట్లు వస్తున్నాయి.

"అది బందయి శాన దినాలయింది" అన్నాడు బాపు.

"ఎవలు చెప్పిండ్రు?"

"మీ అవ్వ."

టీవీ తీసేశాను.

అవ్వకు మూడు నెలలకోసారి చూపించాలి. ప్రతిసారీ ఆ ముందు రోజు ముగ్గురికీ నిద్ర ఉండదు. మొన్నటిసారి డాక్టర్ బాగానే ఉందన్నాడు. తర్వాతి మూడు నెలల సంగతి తర్వాత. మాస్కు తీసి చెప్పండి సార్ అని ముందే అడిగాను. తీశాడు. బాపు నేరుగా ఆయన నోటి నుంచే తెలుసుకున్నాడు.

పోయిన ఆదివారం అవ్వకు చేపలు తినాలనిపించింది. మెత్తగా ఉడికిస్తే మింగగలుగుతోంది. ముగ్గురం అంగడికి పోయాం. ఒకామె గోదావరి చేపలని తట్టలో పెట్టుకుని కూర్చుంది. అవ్వ వంగి ఒక చేపను పట్టి, మొప్పలు తెరిచి చూసింది. మెడ మీది బట్ట సరిచేసుకుని బాపు వైపు తిరిగి ఏదో అంది.

బాపు అంగడంతా వినపడేటట్టు, "గివి నిన్నటివట. మొప్పలు నల్లగైనయట" అన్నాడు.

అమ్మే ఆమెకు కోపం వచ్చింది. "ఓ పెద్దమనిషీ, ఆమె నోరు ఇప్పనే లేదు. నువ్వే కావాల్నని బద్నాం జేస్తున్నవ్. పొద్దుగాల పట్టిన చేపలు!"

బాపుకు ఆమె నోరు దొరికింది. "నేను చెవిటోన్ని తల్లీ. నాకేం ఎర్క. ఆమె ఏమన్నదో గదే చెప్తున్న" అన్నాడు.

అవ్వ మళ్లీ వంగి, తట్ట అడుగున ఆకు కింద చెయ్యి పెట్టి, అక్కడ దాచిన రెండు తాజా చేపలు పైకి తీసింది. వాటిని ఆమె ముందు పెట్టి, పెదవులు బిగించి చూసింది. ఈసారి ఏమీ అనలేదు. అమ్మే ఆమె నవ్వు ఆపుకోలేక కత్తిపీట ముందుకు లాక్కుంది.